పగిలింది కాదు, పగలగొట్టాను

మా పిన్ని పోయింది. మొన్న మంగళవారం తెల్లవారాక తమ్ముడు ఫోన్ చేసి ఆ ఒక్క మాట చెప్పాడు. నేను బస్సెక్కి విజయవాడ చేరేసరికి బెంజ్ సర్కిల్ దగ్గర వాడి ఇంటి ముందు షామియానా వేసేశారు. సాయంత్రం మా కతోలిక గుడిలో పూజ, ఆ తర్వాత సమాధుల దొడ్డి. అంతా సవ్యంగానే జరిగింది, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ ఏమిటంటే, వచ్చినవాళ్ళకి పంచిన కార్డు. దాని మీద పిన్ని ఫొటో కింద "శాంతమూర్తి, ఎవరినీ పల్లెత్తు మాట అనని సాధుశీలి" అని అచ్చు వేయించారు. ఎవరు రాసిచ్చారో నేను అడగలేదు. ప్రేమతోనే రాసి ఉంటారు. కానీ అది అబద్ధం. మా పిన్ని శాంతమూర్తి కాదు. పల్లెత్తు మాటలు చాలామందిని అంది, వాళ్ళ మొహం మీదే అంది. ఇంట్లో చిన్న అబద్ధం దొర్లినా ఊరుకోని మనిషి ఫొటో కింద, ఆమె పోయిన రోజునే, మేము అబద్ధం అచ్చు వేయించాం. అందుకే ఇది రాస్తున్నాను. చదివితే మా బంధువుల్లో కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

పిన్ని మా అమ్మకి సొంత చెల్లెలు. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు, తమ్ముడికి మూడు. అప్పటికి పిన్ని సిస్టర్లు నడిపే బోర్డింగులో వంట చేసేది. కొన్నాళ్ళు పోతే తానూ సిస్టర్ల మఠంలో చేరిపోవాలని ఆమె ఉద్దేశం. ఇద్దరు పిల్లల్ని చూసి ఆ ఉద్దేశం మార్చుకుని మా నాన్నని పెళ్ళి చేసుకుంది. పెళ్ళయిన మర్నాడు చుట్టాలు నన్ను ముందుకు తోసి, అమ్మా అని పిలువు అన్నారు. పిన్ని ఒప్పుకోలేదు. "వీళ్ళ అమ్మ వేరే ఉంది, చచ్చిపోయింది. నేను పిన్నిని, పిన్ని అనే పిలవాలి" అంది. ఆ రోజునుంచి మొన్నటిదాకా ఆమె మాకు పిన్నే. సవతి పిల్లల్ని దగ్గరికి రానివ్వడం లేదని అప్పుడే ఊళ్ళో అనుకోవడం మొదలైంది.

నాన్న కాలువ లాకు దగ్గర లస్కరు. విజయవాడ నుంచి దిగువకు పారే కృష్ణ కాలువల్లో ఒకదాని మీద ఉండేది ఆ లాకు. పిల్ల కాలువల తూములు ఏ రోజు ఎవరి వంతో చూసి తెరవడం, మూయడం ఆయన పని. తూము తలుపు ఎత్తే ఇనప హ్యాండిలు మా వరండాలోనే ఉండేది. లాకు పక్కనే రెండు గదుల క్వార్టరు, వెనక ఒక వంటిల్లు.

ఆ వంటింటి గోడే మా బడి. ఆదివారం పూజ నుంచి వచ్చాక పిన్ని బొగ్గుముక్క తీసుకుని గోడ మీద ఒక మాట రాసేది. ఓర్పు. న్యాయం. మితం. కృతజ్ఞత. ఆ వారమంతా ఆ మాటే. దాని గురించి ఆమె ఉపన్యాసం చెప్పగా నేను వినలేదు. పని చెప్పేది. న్యాయం అని రాసిన వారం, జామకాయ నేను కోయాలి, ముక్క ముందుగా తమ్ముడు ఎంచుకోవాలి. ఆ జామకాయను కత్తిపీట మీద పెట్టి నేను ఎంతసేపు తిప్పి తిప్పి చూసేదాన్నో ఇప్పటికీ గుర్తు. మితం అనే మాట మాత్రం కావాలని మామిడిపళ్ళ రోజుల్లో రాసేది. కృతజ్ఞత వారం, మాకు ఎవరు ఏం చేసిపెట్టారో వాళ్ళ ఇంటికి వెళ్ళి ఆ మాట చెప్పి రావాలి. ఊళ్ళో బట్టలుతికే ఆమె గుమ్మంలో నిలబడి, మా బట్టలు బాగా ఉతికినందుకు సంతోషం అని నేను చెబితే, ఆవిడ గాభరా పడి ఏమైనా తప్పు జరిగిందేమో అడగడానికి పరుగున మా ఇంటికి వచ్చింది.

ధైర్యం అని రాసిన వారం నేను చాలా సంబరపడ్డాను. లాకు మీద ఇరుకు చెక్కవంతెన ఉండేది, దాని మీద నడిచి చూపిస్తానన్నాను. అది ధైర్యం కాదంది పిన్ని. వంతెన మీద మేకలు కూడా నడుస్తాయి, నువ్వు బళ్ళో పక్కపిల్ల పలక చూసి లెక్క దించావు కదా, వెళ్ళి పంతులమ్మగారికి ఆ సంగతి చెప్పిరా అంది. చెప్పాను. పంతులమ్మగారు నా చేతి మీద బెత్తంతో రెండు కొట్టారు. ఇంటికొచ్చి ఏడిస్తే పిన్ని చేతికి వెన్న రాసింది, పంతులమ్మగారి తప్పేమీ లేదంది, ఆ రాత్రి నాకు పెరుగులో మీగడ ఎక్కువ వేసింది.

పిన్ని మమ్మల్ని ఎన్నడూ కొట్టలేదు. కానీ మాటలతో తప్పించుకోనిచ్చేది కాదు. సాయంత్రం జపమాల అయ్యాక ఆ రోజు చేసిన తప్పొకటి ఎవరికి వాళ్ళం చెప్పాలి. నేను "గ్లాసు పగిలింది పిన్నీ" అనేదాన్ని.

"అదంతట అదే పగిలిందా?"

"చెయ్యి తగిలి..."

"పగిలింది కాదు. పగలగొట్టాను అను. ఎవరు, ఏం చేశారు, రెండూ ఉండాలి. అప్పుడే అది పూర్తి వాక్యం."

పాలు ఒలికాయి అంటే ఒప్పుకోదు, ఒలకబోశాను అనాలి. పుస్తకం చిరిగింది అనకూడదు, చింపాను అనాలి. ఐదో తరగతి దాటని మనిషికి వ్యాకరణం మీద అంత పట్టుదల ఏమిటో నాకు అప్పట్లో అర్థం కాలేదు. పూర్తి వాక్యం చెప్పాక మాత్రం ఇంక దాని గురించి ఎత్తేది కాదు. సరే, పద, అన్నం తిందాం అనేది.

ఆ నియమం ఆమెకీ వర్తించేది. ఒకసారి ఇంట్లో బియ్యం అడుగంటిన రోజున మాకు పెట్టి తాను ఆకలి లేదంది. తమ్ముడు కంచంలోంచి తల ఎత్తి, పిన్ని అబద్ధం చెబుతోంది అన్నాడు. పిన్ని వాడి వైపు తిరిగి, "నాకు ఆకలిగానే ఉంది. అన్నం చాలదని తినలేదు" అని పూర్తి వాక్యంలో చెప్పి, వాడి కంచం పక్కన తన కంచం పెట్టుకుని కూర్చుంది. ముగ్గురం పంచుకుని తిన్నాం.

ఇక అసలు సంగతి. డెబ్భైల నడుమ ఒక ఏడాది వానలు వెనకబడ్డాయి. నాకప్పుడు పదేళ్ళు. కాలువలో నీళ్ళు సగానికి సగం పడిపోతే ఊళ్ళకి వంతులు పెట్టారు. శివారు రైతులు నారుమళ్ళు పోసుకుని తమ వంతు కోసం కాచుకుని ఉన్నారు. మా లాకుకి కాస్త దూరంలో ఒక పిల్ల కాలువ కింద పెద్ద ఆసామి ఒకాయన పొలాలుండేవి. మా గుడికి గంట చేయించింది ఆయనే. పండగ పూజలో మొదటి వరసలో కూర్చునేవాడు. తన వంతుకి ఇంకా నాలుగు రోజులుండగానే ఆయన కాలువల ఓవర్సీరుతో మాట్లాడుకున్నాడు, ఓవర్సీరు మా నాన్నతో నోటిమాటగా తూము తెరవమన్నాడు. కాగితం అడిగే ధైర్యం నాన్నకి లేదు. మిట్టమధ్యాహ్నం ఊరంతా కునుకు తీసే వేళ హ్యాండిలు పట్టుకెళ్ళి తూము తలుపు ఎత్తాడు. నేను ఆయనకి అన్నం క్యారేజీ తీసుకెళ్ళి అక్కడే ఉన్నాను. ఓవర్సీరు గొడుగు కింద నిలబడి ఇంకొంచెం, ఇంకొంచెం అనడం విన్నాను.

రెండు రోజులు నీళ్ళు అటే పోయాయి. దిగువన శివారు ఊళ్ళలో నారుమళ్ళు నెర్రెలిచ్చి ఎండిపోయాయి. ఆ రైతులు బళ్ళు కట్టుకుని విజయవాడ వెళ్ళి ఆఫీసు ముందు కూర్చున్నారు. విచారణకి ఇంజనీరు గారు వస్తున్నారని కబురొచ్చింది.

అప్పుడు ఓవర్సీరు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆ పిల్ల కాలువ కిందే ఒక ఎకరం కౌలుకు చేసుకునే పేదవాడు ఒకాయన ఉండేవాడు. మేము బాబాయి అనేవాళ్ళం. తూము దగ్గర గాలం వేసి చేపలు పట్టుకునేవాడు. అతనే మా వరండాలోంచి హ్యాండిలు దొంగిలించి తూము ఎత్తాడని చెబితే నాన్న ఉద్యోగం నిలుస్తుంది, ఓవర్సీరు పరువు, ఆసామి పరువు కూడా నిలుస్తాయి. దానికి సాక్ష్యం కావాలి. ఆ మధ్యాహ్నం నేను క్యారేజీతో గట్టు మీద నడిచి వెళ్ళడం అన్నాలకి ఇళ్ళకి వెళ్తున్న ఇద్దరు ముగ్గురు చూశారు. కాబట్టి సాక్ష్యం నేనే.

నాన్న నన్ను వరండాలో కూర్చోబెట్టుకుని, ఇంజనీరు గారు అడిగితే బాబాయి హ్యాండిలు తిప్పడం చూశానని చెప్పమ్మా అన్నాడు. నేను తల ఊపాను. పిన్ని వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, పిల్ల చేత ఏం చెప్పిస్తున్నారు?"

నాన్న నేల చూస్తూ అంతా చెప్పాడు. చివరికి, "ఉద్యోగం పోతే వీళ్ళకి అన్నం నువ్వు పెడతావా?" అన్నాడు.

"పెడతాను" అంది పిన్ని.

నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మా గుడిలో పిల్లలకి జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశి వచ్చాడు. ఆసామి పంపగా వచ్చాడని ఆయన చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది. సంసారం నిలబెట్టుకోవడానికి చెప్పే చిన్న అబద్ధం చిన్న పాపమేననీ, గురువుగారి దగ్గర పాపం ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకుంటే దేవుడు మన్నిస్తాడనీ మెల్లగా నచ్చజెప్పాడు. పైగా ఆ కౌలుదారు మన గుడివాడు కూడా కాదు కదమ్మా అన్నాడు. పిన్ని ఆయనకి మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగేదాకా ఆగింది. ఆ తర్వాత అన్నది మాత్రం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"అయ్యా, మన్నిస్తాడు కదా అని ముందుగానే ఎంచుకుని చేస్తే దాన్ని పాపం అనరు, బేరం అంటారు. మన గుడివాడు కాకపోతే అతని వీపు మన దెబ్బలకేనా? ఈ మాట మీరు పిల్లలకి జ్ఞానోపదేశంలో చెప్పగలరా? చెప్పలేకపోతే నాకూ చెప్పకండి."

ఉపదేశి గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. పల్లెత్తు మాట అనని సాధుశీలి అని రాశారు చూశారా, ఆ మనిషి అన్న మాటలివి.

నాకు ఏం చెప్పాలో పిన్ని చెప్పలేదు. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే కన్నతండ్రి మీదికి పిల్లని ఉసిగొల్పిందని తర్వాత చాలా ఏళ్ళు అన్నారు. ఆ పొద్దున నాకు జడ వేస్తూ, "నీ కంటికి ఏం కనపడిందో అది చెప్పు. భయమేస్తే నా కొంగు పట్టుకో" అంది. అంతే.

విచారణ లాకు దగ్గర బంగళా వరండాలో. ఇంజనీరు గారు కుర్చీలో, పక్కన ఓవర్సీరు, కొంచెం దూరంగా ఆసామి. మెట్ల కింద శివారు రైతులు. బాబాయిని ఒక మూల గొంతుక్కూర్చోబెట్టారు. అప్పటికే అతని పెదవి చిట్లి ఉంది. పిన్ని నన్ను చేయి పట్టుకుని తీసుకొస్తుంటే, ఆడవాళ్ళకి ఇక్కడేం పని అన్నాడు ఓవర్సీరు. "పిల్ల ఎక్కడుంటే నేను అక్కడుంటానండీ" అంది పిన్ని, ఆగకుండా మెట్లెక్కుతూ.

ఇంజనీరు గారు మంచిగానే అడిగారు. నాన్న స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బాబాయి పేరు చెప్పలేను, నాన్న పేరు చెప్పలేను. అప్పుడు నాకు ఒక దారి తోచింది.

"తూము తెరుచుకుందండీ" అన్నాను.

ఇంజనీరు గారు కలం ఆపి, అదెలా తెరుచుకుంటుందమ్మా అన్నారు. ఓవర్సీరు కలగజేసుకుని, చిన్నపిల్ల, జడుసుకుంది, ఆ మనిషిని చూసే జడుసుకుంది అన్నాడు. నేను పిన్ని కొంగు పట్టుకున్నాను. పిన్ని నా వైపు వంగలేదు, బుజ్జగించలేదు. ఎదురుగా చూస్తూనే, "పూర్తి వాక్యం చెప్పమ్మా" అంది.

చెప్పాను. "మా నాన్న తూము తెరిచాడు. ఓవర్సీరు గారు తెరవమన్నారు. నేను అన్నం తీసుకెళ్ళి చూశాను."

ఓవర్సీరు ఏదో అనబోయాడు. అతనికంటే ముందు నాన్న గొంతు వినిపించింది. "అవునండి. నేనే తెరిచానండి. ఆ కౌలుదారుకేం తెలియదండి." అది చెబుతూ నాన్న కట్టుకున్న చేతులు విప్పాడు. మా నాన్నని అంత నిటారుగా నేను అంతకు ముందు చూడలేదు.

మంచి చేస్తే మంచే జరిగిందని రాయను, ఎందుకంటే జరగలేదు. నాన్న ఉద్యోగం పోయింది. ఓవర్సీరుని ఇంకో చోటికి మార్చారు, అంతే. ఆసామికి ఏమీ కాలేదు. శివారుకి నీళ్ళు వదిలారు గానీ చాలా నారుమళ్ళు అప్పటికే చచ్చిపోయాయి. ఒక్కటి మాత్రం జరిగింది. బాబాయిని వదిలేశారు. రెండు రోజుల తర్వాత అతను తాటాకు బుట్ట నిండా చేపలు తెచ్చి గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. "నిజం చెప్పినందుకు ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. చేపలు మాత్రం తీసుకుంటాం, పిల్లలకి ఇష్టం" అంది పిన్ని.

క్వార్టరు ఖాళీ చేయడానికి నెల గడువిచ్చారు. ఆ నెలలో నాలుగు ఆదివారాలు. గుడిలో మేము కూర్చున్న చాప మీద నుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే జరిగిపోయేవారు. నాకు సిగ్గేసి, వెనక్కి వెళ్దాం పిన్నీ అన్నాను. మనం ఏం చేశామని వెళ్ళాలి, చోటు బాగా వచ్చింది, కాళ్ళు చాపుకుని కూర్చో అంది. నాలుగు ఆదివారాలూ అందరికంటే ముందు కూర్చుని, అందరికంటే గట్టిగా పాడింది. ఆమెది మంచి గొంతు కాదు. అది కూడా నిజమే.

ఆ తర్వాత విజయవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి వెనక సందులో ఒంటి గది. ఆ లాడ్జి వంటింట్లో పిన్ని పనికి కుదిరింది. పెడతాను అంది కదా, పెట్టింది. పొద్దున నాలుగింటికి వెళ్ళి వందమందికి ఇడ్లీలు వేసి, మధ్యాహ్నం వచ్చి మాకు వండేది. చేతి వేళ్ళ సందులు ఒరిసిపోయి ఉండేవి. నాన్న ఆమెతో మాట్లాడడం మానేశాడు. కంచం ముందు కూర్చునేవాడు, తినేవాడు, లేచేవాడు. కావలసింది ఏదైనా ఉంటే మా చేత అడిగించేవాడు. ఎనిమిది నెలలు అలా గడిచాయి.

ఆ రోజుల్లో ఒకసారి నేనూ పిన్ని మీద విరుచుకుపడ్డాను. బళ్ళో ఎవరో మా నాన్నని దొంగ లస్కరు అన్నారు. ఇంటికొచ్చి పుస్తకాల సంచి విసిరేసి, అంతా నీవల్లే, నువ్వు మా అమ్మవైతే ఇలా చేసేదానివా అన్నాను. కిరసనాయిలు స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. పిన్ని గరిటె ఆపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"మీ అమ్మయితే నాకంటే ముందే కదిలేది. నేను నీ చెయ్యి పట్టుకుని వెళ్ళాను. అక్కయ్య అయితే ఆ ఓవర్సీరు ఇంటికి ఒక్కతే వెళ్ళేది. నాకు ఇదంతా నేర్పింది ఎవరనుకున్నావు?"

మళ్ళీ పప్పు కలుపుతూ, చిన్నప్పుడు అమ్మ వాళ్ళ నాన్నకే ఎదురు తిరిగిన కథ చెప్పింది. అంతకు ముందు నాకు అమ్మ అంటే గోడ మీద ఒక ఫొటో. ఆ సాయంత్రం నుంచి మనిషి అయింది.

నాన్న పని కోసం తిరుగుతూనే ఉన్నాడు. లస్కరు ఉద్యోగం ఎందుకు పోయిందని ఎవరైనా అడిగితే మొదట్లో ఆరోగ్యం బాగోలేక మానేశానని చెప్పేవాడు. ఏమైందో, ఒకరోజు బియ్యం హోల్‌సేల్ కొట్లో షావుకారు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడట. షావుకారు వద్దు పొమ్మన్నాడు. ఇంకో ఇద్దరికీ అలాగే చెప్పాడు, వాళ్ళూ వద్దన్నారు. నాలుగో కొట్టాయన ఆలోచించి గోడౌను కాపలాకి పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం నాన్న ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని, మా వైపు కాకుండా పిన్ని వైపు చూసి, "ఇంకొంచెం అన్నం పెట్టు" అన్నాడు. ఎనిమిది నెలల తర్వాత నేరుగా ఆమెతో అన్న మొదటి మాట అది. పిన్ని పెట్టింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆయన అదే గోడౌనులో చేశాడు. చివరికి పిన్ని చేతులు రెండూ పట్టుకుని పోయాడు.

మాకూ పిల్లలు పుట్టారు, వాళ్ళకీ పిల్లలు పుట్టారు. పిల్లలకి మంచి ఎలా నేర్పాలని ఇప్పుడు నన్ను అడిగేవాళ్ళున్నారు. పుస్తకాలున్నాయి, క్లాసులున్నాయి. నాకు తెలిసింది ఒక్కటే. నేర్పేవాళ్ళకి ఏదో ఒక రోజు దాని ఖరీదు కట్టాల్సి వస్తుంది. ఆ రోజున వెనక్కి తగ్గితే గోడ మీద ఎన్ని మాటలు రాసినా బొగ్గే మిగులుతుంది. మా పిన్ని తగ్గలేదు. పరువు పోయింది, గూడు పోయింది, మొగుడి మాట పోయింది, అయినా తగ్గలేదు. మొండిది అనండి, ఒప్పుకుంటాను. గయ్యాళి అని కొందరు అన్నారు, అదీ ఒప్పుకుంటాను. మెత్తనిది అని మాత్రం అనకండి.

పోయిన నెల ఆమెని ఆస్పత్రిలో చేర్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అప్పటికే మనిషి చిక్కిపోయి మంచం మీద పిల్లలా ఉంది. రక్తం తీయడానికి కొత్తగా పనిలో చేరిన నర్సమ్మ వచ్చింది. ఎక్కడ చూసినా నరం దొరకడం లేదు. చివరికి ముంజేతి మీద ఒక చోట వేలు పెట్టి, చీమ కుట్టినట్టు ఉంటుంది మామ్మగారూ, అంతే, కళ్ళు మూసుకోండి అంది.

పిన్ని చెయ్యి వెనక్కి లాక్కుంది. "చీమ కాదులే అమ్మా. నొప్పి పుడుతుందని చెప్పు. నేను తట్టుకుంటాను."

ఆ పిల్ల నా వైపు చూసింది. మళ్ళీ పిన్ని వైపు తిరిగి, "నొప్పి పుడుతుందండీ" అంది.

"ఆ. ఇప్పుడు గుచ్చు" అంది పిన్ని. దిండుకి ఆనుకుని, ఎండుపుల్లలాంటి చెయ్యి తానే ముందుకు చాపి, కళ్ళు మూయకుండా ఆ సూది దిగేదాకా దాని వైపే చూస్తూ కూర్చుంది.